మడమ్మగారు

మొన్న పొద్దున స్టూడియో షట్టరు ఎత్తుతుండగా దివిసీమ నుంచి నాంచారయ్య ఫోను చేశాడు. నాగాయలంక దాటాక ఉప్పుటేటి ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడ పడవ మీద వేటకెళ్ళి బతికే మనిషి. ఎప్పుడూ చేపలు కావాలా అని అడిగేవాడు, ఈసారి ఫోటో కావాలన్నాడు.

"మడమ్మకి గుడి కడతన్నామండీ. రేపు గద్దె పోసేత్తం. మీ కాడ అమ్మ ఫోటో ఉంటది గదా, పెద్దది చేసి అద్దం కట్టించి తెండి."

నాకు ముందు చిరాకేసింది. గుడి అన్నందుకు కాదు, గారు తీసేసినందుకు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ పల్లెలో చిన్నా పెద్దా అందరికీ మడమ్మగారే. పోయి ఏడాది తిరక్కుండానే గారు ఊడిపోయిందా అనుకున్నాను. తర్వాత టీ తాగుతుంటే తట్టింది. మన దగ్గర గారు మనుషులకే. గంగమ్మగారు అనీ పోలేరమ్మగారు అనీ ఎవరూ అనరు. ఆవిడని వాళ్ళు దేవతని చేసేశారు, అందుకని గారు పోయింది. అది అర్థమయ్యాక చిరాకు పోయి భయం పట్టుకుంది. గద్దె అనే మాట మీద ఆవిడ నాతో ఎంత గట్టిగా పోట్లాడారో నాకు బాగా గుర్తుంది.

ఆవిడ వృక్షశాస్త్రం లెక్చరరుగా రిటైరై, గుడివాడలో మా వీధి చివర ఇంట్లో ఉండేవారు. సముద్రపు పోటు నీళ్ళు వచ్చిపోయే చోట పెరిగే మడ చెట్లలో బాగా అరుదైన పొద ఒకటుంది. అది కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల ఇంకా ఎక్కడెక్కడ మిగిలిందో వెతకడం, మిగిలినదాన్ని కాపాడటం ఆవిడ పెట్టుకున్న పని. ఎవరూ పెట్టుకోమనలేదు. పల్లెవాళ్ళకి మేడం అనడానికి నోరు తిరగక మేడమ్మగారు అన్నారు. మడ అడవిలో తిరిగే మనిషి కాబట్టి అది నాలుగు రోజుల్లో మడమ్మగారు అయి కూర్చుంది. నేను సరిదిద్దబోతే ఆవిడ వద్దన్నారు. కాలేజీలో పిల్లలు చాటున పెట్టిన పేర్లకంటే ఇది నయమట.

మా పరిచయం గొడవతో మొదలైంది. ఫోనులో తీసిన ఆకుల ఫోటోలు తెచ్చి ప్రింట్లు వెయ్యమన్నారు. నాకు పెళ్ళిళ్ళ అలవాటు. ఏ ఫోటో వచ్చినా చెయ్యి ఊరుకోదు, రంగు కాస్త పెంచి మెరిపించి ఇచ్చాను. ఆవిడ ప్రింటు కౌంటరు మీద పెట్టి, ఈ పచ్చ ఎక్కడిది అని అడిగారు. బాగుంటుందని కొంచెం పెంచానన్నాను.

"పెళ్ళికూతురికి పెంచుకోండి. దీనికి పెంచితే ఇది వేరే మొక్కవుతుంది."

అప్పుడు నాకు తెలియదు కానీ, ఆవిడ నన్ను "మీరు" అన్నారంటే కోపం వచ్చిందని అర్థం. మామూలుగా ఉంటే "నువ్వు", "ఏవయ్యా". లోకమంతా మన్నన కోసం వాడే మాటని ఆవిడ కర్రలా వాడేవారు. కాలేజీలో కూడా "మీరు లేచి నిలబడండి" అంటే వెనక బెంచీలు వణికేవట. అసలు పచ్చ ఎలా ఉంటుందో చూపిస్తానని వచ్చే ఆదివారమే నన్ను బందరు బస్సెక్కించారు. షాపు మూసుకుని ఎందుకు వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

బందరు తీరం వెంట ఎన్ని ఆదివారాలు తిరిగామో. మనిషి పొట్టి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, పైన మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, చేతిలో గొడుగుతో దిగేవారు. ఆ గొడుగు ఎంత ఎండలోనూ తెరవగా నేను చూడలేదు. దాంతో బురద లోతు పొడిచి చూసుకుంటూ నడిచేవారు. తెరిస్తే కర్ర పనికి రాదు కదయ్యా అనేవారు. సంచిలో మజ్జిగ సీసా ఉండేది. నాకు ఇచ్చేవారు కాదు. నీది నువ్వు తెచ్చుకోవాలి, అడవిలో దిగేవాడు ఒకరి నీళ్ళ మీద ఆశ పెట్టుకోకూడదన్నది ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతమో పిసినారితనమో గానీ, రెండో వారం నుంచి నేనూ సీసా తెచ్చుకున్నాను.

ఆవిడకి పడని మాట ఒకటుండేది. "లాంటిది". ఆ పొదకి ఆ తీరంలో వేరే పేరు లేదు. ఆకు వార్నిషు పూసినట్టు మెరుస్తుంది, పువ్వు చిన్నది, కాయ మీద గీతలుంటాయి. దగ్గరకెళ్ళి చూస్తే తప్ప మిగతా మడ చెట్లలో కలిసిపోతుంది. ఫోటో చూపించి అడిగితే ప్రతివాళ్ళూ "పొన్నలాంటిది", "ఆ లాంటిదొకటి ఉండేదమ్మా" అనేవారు. లాంటిది అని విన్నప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచేవారు. పేరు లేనిది పోయినా ఎవరికీ పోయినట్టు ఉండదయ్యా, అదే దీనికి పట్టిన దరిద్రం అని బస్సులో తనలో తాను అనుకునేవారు.

ఇంకో పాఠం నాకు బురదలో పడ్డాక వచ్చింది. ఒక పాయంతా పొద్దుటి నుంచి వెతికి, మోకాళ్ళు గీరుకుపోయి, ఇక్కడ లేదండీ అన్నాను. "లేదు అనకు, కనపడలేదు అను. లేదనడానికి మనం ఎవరం?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ మాట మాత్రం పట్టుకుంది. ఇప్పుడు తాళంచెవి కనపడకపోయినా లేదు అనలేను.

బందరు వైపు కనపడలేదు. పాత మనుషులు చూపించిన చోటల్లా రొయ్యల చెరువులున్నాయి. ఆ పొద తంటా ఏమిటంటే, పోటు నీళ్ళు చిట్టచివరగా వచ్చి తాకే అంచున మాత్రమే బతుకుతుంది. కాస్త కిందకైతే కుళ్ళుతుంది, కాస్త పైకైతే ఎండుతుంది. చెరువు తవ్వేవాడు గట్టు వేసేది సరిగ్గా ఆ అంచు మీదే. అందుకని వెతుక్కుంటూ దివిసీమలోకి దిగాం. నాంచారయ్య పడవలో ఉప్పుటేటి వెంట పోతుంటే, ఒక వంపు దగ్గర ఆవిడ గొడుగు ఎత్తి చూపించారు. నేల వైపు ఎప్పుడూ చూసే మనిషి ఆ పూట ఆకాశం వంక చూసి ముక్కు చీదారు. ఏడుస్తున్నారని నేను అనలేదు. అంటే "మీరు" అనేవారు.

అక్కడ నాకు ఆవిడ లెక్క సంగతి తెలిసింది. మొక్క మొక్కనీ గొడుగుతో చూపిస్తూ, "ముగ్గురు పెద్దవాళ్ళు. మిగతా అంతా పిల్లలు. మొత్తం పదకొండు మంది" అన్నారు. నాంచారయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. మొక్కలు మనుషులా అండీ అన్నాడు. ఆవిడ నవ్వలేదు. వేర్లు, వల గుంజలు, విరిగిన కొమ్మలు, అన్నీ రెండు మూడు అంటూ పోతుంటే లెక్క కలిసిపోతుందట. దీన్ని మాత్రం ఇద్దరు ముగ్గురు అని లెక్కపెడితే ఎన్నడూ తప్పు రాదట. ముద్దూ కాదు, భక్తీ కాదు, పని సులువు కోసం. ముప్ఫై ఏళ్ళుగా అలవాటై, ఇంట్లో కూడా ఆ పొద గురించి అయితే మంది అనే అనేవారు. ఫోటో తీసేటప్పుడు ఆకు పక్కన తన చెయ్యి పెట్టేవారు, ఎంత పొడుగో తెలియడానికి. ఆవిడ ముఖం మీదకి కెమెరా తిప్పితే మాత్రం చెయ్యి అడ్డం పెట్టేవారు.

తర్వాతి ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం నాంచారయ్య కబురు చేశాడు. చెరువు తవ్వించే ఆసామి మిషను తెప్పించాడు, రేపు పొద్దున్నే ఆ వంపు దగ్గర గట్టు పని మొదలు. మేం మొదటి బస్సుకి బయల్దేరాం. గుడ్లవల్లేరు, పెడన, బందరు దాటాం. అవనిగడ్డలో దిగి ఆటో ఎక్కాక, డ్రైవరు టీ తాగొస్తానంటే, "మీరు తాగి రండి, మేం నడుస్తాం" అన్నారు. అతను టీ మానేసి స్టీరింగు పట్టుకున్నాడు.

మేం వంపు దగ్గరకి చేరేసరికి ప్రొక్లెయిన్ కరకట్ట మీద కనపడుతోంది. నీళ్ళు వెనక్కి తీసి నేల నల్లగా మెరుస్తోంది. ఆవిడ బురదలోకి దిగి పొదల ముందు నిలబడ్డారు. నాంచారయ్య పడవ ముక్కుకి గంగమ్మ పూజకి కట్టిన పసుపు గుడ్డ ఉంది. నేను అది విప్పుకొచ్చి, మేడం, ఇది కట్టి కుంకుమ పెడితే ఏ డ్రైవరూ ముట్టుకోడు అన్నాను. నిజానికి అంతకంటే తేలిక దారి లేదు. నాంచారయ్య కూడా తలూపాడు.

ఆవిడ నా చేతిలో గుడ్డ వంక చూశారు.

"మీరు ఆ పని చేస్తే మళ్ళీ మీ గుమ్మం తొక్కను. ఇవాళ గుడ్డ కడతారు. రేపు గద్దె కడతారు, దీపం తడవకూడదని చుట్టూ సిమెంటు పోస్తారు. పోటు నీళ్ళు అందక ఛస్తారు వీళ్ళు. చంపడానికి ప్రొక్లెయినే అక్కర్లేదండీ, భక్తి చాలు."

గుడ్డ జేబులో కుక్కుకున్నాను. ఆవిడ ఫోను తీసి రెవెన్యూ ఆఫీసరుకి చేశారు. ఏ ఆఫీసో చెప్పను. అవతలి మాట నాకు వినపడలేదు, ఆవిడ మాట మాత్రం ఒక్కటీ పోలేదు.

"అయ్యా, ఉప్పుటేటి వంపు దగ్గర నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ పదకొండు మంది ఉన్నారండీ. ముగ్గురు పెద్దవాళ్ళు, మిగతా అందరూ పిల్లలు. మిషను వచ్చేసింది. వీళ్ళు కదల్లేరండీ. ఇంకాసేపటికి మట్టి కింద పోతారు."

నేనూ నాంచారయ్యా మొహాలు చూసుకున్నాం. నోరు తెరవబోయాను. నాంచారయ్య నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. ఆవిడ ఫోను సంచిలో పెట్టుకుని గొడుగు బురదలో గుచ్చారు.

డ్రైవరు మంచివాడే. ఆవిడ మీదకి మిషను తేలేదు. నన్నేం చెయ్యమంటారమ్మా, ఓనరు చెప్పింది చెయ్యాలి గదా అని అవతలి చివర నుంచి తవ్వడం మొదలుపెట్టాడు. తొట్టి లేచినప్పుడల్లా మట్టి మా వైపు ఒక్కో బారు జరుగుతోంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఇవతలికి రమ్మన్నాను. విదిలించుకున్నారు. ఒకసారి తొట్టి దులిపినప్పుడు అంచున పెద్ద పెళ్ళ విరిగి జారింది. అక్కడ బెత్తెడు మొక్కలు రెండు ఉండాలి. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి చేతులతో తవ్వారు. దొరకలేదు. లేచి, "తొమ్మిది మంది" అన్నారు, ఎవరితోనూ కాదు.

అప్పుడు జీపు వచ్చింది. ఆఫీసరు, వెనక ఇద్దరు పోలీసులు, ఆ వెనక పల్లెలో సగం. ఆఫీసరు కట్ట మీద నుంచి పరుగులాంటి నడకతో దిగారు. మిషను ఆపించి, "ఏరమ్మా, పదకొండు మంది అన్నారు, ఏరీ?" అన్నారు.

"ఇప్పుడు తొమ్మిది మందేనండీ. మీరు వచ్చేలోపు ఇద్దరు పోయారు."

ఒక పోలీసు టోపీ తీసేశాడు. ఆఫీసరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మట్టి పెళ్ళ వైపు చెయ్యి చూపించి, తర్వాత పొదల వైపు చూపించారు. ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక వచ్చిన కేకలు అవతలి ఒడ్డు దాకా వినపడ్డాయి. ఆవిడ అన్నీ తలొంచుకుని విన్నారు. విని, ఇంత దూరం వచ్చారు కదండీ, ఈ నేల ఎవరిదో కాస్త చూసి వెళ్ళండి అన్నారు.

పోలీసులతో జీపేసుకుని వచ్చి, ఊరు ఊరంతా చూస్తుంటే ఊరికే వెనక్కి పోవడం ఆయనకీ బాగుండదు. కక్కలేక మింగలేక కొలిపించారు. ఆసామి హద్దు అంతకు ఎంతో ముందే ఆగిపోయింది. పోటు తగిలే నేలంతా ప్రభుత్వానిది. మిషను వెనక్కి తిరిగింది. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను, తెలిసే అలా చెప్పారా అని. "నేను మనుషులు అన్నానా? పదకొండు మంది అన్నాను. ఉన్నారు కదయ్యా" అన్నారు. ఆ తర్వాత మజ్జిగ సీసా మూత తీసి నాకు ఇచ్చారు. ఫోనులో ఆ మాట కావాలని అన్నారో, అలవాటుగా వచ్చిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

పేరు లేని ఆ పొదకి ఆ రోజుతో పేరొచ్చింది. మడమ్మగారి చెట్టు. ఆ ఏడాది వానల్లో నీళ్ళు బాగా ఎక్కి కరకట్ట దిగువన గండి పడితే, వంపు దగ్గర మాత్రం చెక్కు చెదరలేదు. మడమ్మగారి చెట్టే కాపాడిందన్నారు పల్లెలో. ఆవిడ వెళ్ళి మరీ దెబ్బలాడారు. ఆపింది మడ అడవంతా, ఈ తొమ్మిది మంది ఏం ఆపుతారు అని. ఎవరూ వినలేదు. ఉప్పెన చూసిన ఊళ్ళకి తమని నిలబెట్టినదాన్ని ఒక పేరుతో పిలుచుకోవాలని ఉంటుంది.

పోయిన శ్రావణంలో ఆవిడ ఎదురింటివాళ్ళు వచ్చి మేడం లేరండీ అన్నారు. లేరు అనకండి అని నోటిదాకా వచ్చింది. నేను పెద్దగా ఏడ్చాను. మా ఆవిడ కంగారుపడింది, మా నాన్న పోయినప్పుడు కూడా నన్ను అలా చూడలేదు.

ఇప్పుడు నాంచారయ్యకి ఫోటో కావాలి. నా దగ్గర ఆవిడ ముఖం ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ ఆకు పక్కన చెయ్యి. అందులో ఒకటి, మెరిసే ఆకు కింద ఆవిడ వేళ్ళు, గోళ్ళలో బురద, పెద్దది చేసి అద్దం కట్టించాను. రంగు పెంచలేదు. తెల్లవారగానే బయల్దేరాను.

వంపు దగ్గరకి వెళ్ళేసరికి అంతా సిద్ధంగా ఉంది. అమ్మ అదేనని పెద్ద పొదకి పసుపు గుడ్డ కట్టారు. చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి, సిమెంటు బస్తాలు విప్పారు, మేస్త్రీ తాపీ పట్టుకుని పోటు ఎక్కేలోపు కానిచ్చేద్దామని తొందరపెడుతున్నాడు. నడుమెత్తు గద్దె, నాలుగు పక్కలా మూసేసి. ఆవిడ ఆ రోజు చెప్పింది చెప్పినట్టు నా కళ్ళముందు ఉంది.

నాకు తెలిసిన శాస్త్రమంతా చెప్పాను. పోటు నీళ్ళు తగలకపోతే వేరు చచ్చిపోతుందని, గద్దె కాదు సమాధి అవుతుందని. మర్యాదగా విన్నారు. వినడం అయ్యాక నాంచారయ్య నాకు నచ్చజెప్పాడు. "అమ్మ కాళ్ళు రెండు పూటలా ఉప్పునీళ్ళల్లో నాన్తంటే మేం చూత్తా ఊరుకుంటే పాపం గాదండీ?" మేస్త్రీ సిమెంటులో నీళ్ళు పొయ్యమన్నాడు. ఏటి మీద పోటు తిరిగింది, అంచున నురగ కదులుతోంది.

"అలా నానకపోతేనే ఆవిడకి కోపం," అన్నాను. "పోటు నీళ్ళు వచ్చి కాళ్ళు తాకాలి. గద్దె కడితే ఊరుకోరు."

అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రీ చెయ్యి ఆగింది.

"ఆ మాట ఎవరు చెప్పారండీ?" అన్నాడు నాంచారయ్య.

"ఆవిడే చెప్పారు. ఇక్కడే నిలబడి, నాతోనే చెప్పారు. నువ్వూ విన్నావు."

నాంచారయ్య నా మొహంలోకి చూశాడు. ఆ పొద్దు, జేబులో కుక్కుకున్న గుడ్డ, ఆ కేకలు, అన్నీ గుర్తొస్తున్నట్టుంది. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

"అమ్మ చెప్పిందంట. గద్దె వద్దంట. ఇటికెలు తీసెయ్యండి."

మేస్త్రీ గొణుక్కున్నాడు గానీ ఎవరూ ఎదురు చెప్పలేదు. బస్తాలు నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కించారు. ఫోటో పెట్టడానికి గద్దె లేదు కాబట్టి నాంచారయ్య పడవలో పెట్టుకున్నాడు. ముఖం లేదేమిటని అడిగినవాళ్ళకి, చెయ్యి చాల్లే అన్నాడు. నీళ్ళు నెమ్మదిగా వచ్చి ఇటుకలు తీసిన గుంటల్లో నిండి, పొద మొదలు దాకా ఎక్కాయి. బురదలో కొత్త మొలకలు కనపడుతుంటే నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. నలుగురు.

పసుపు గుడ్డ మాత్రం విప్పమనడానికి నాకు ధైర్యం చాలలేదు. అదీ లాగేస్తే మిగతా మాట కూడా పోతుందనిపించింది. గాలికి ఆడుతోంది, ఉండనిచ్చాను. ఆవిడ చూస్తే ఏమంటారో నాకు తెలుసు. గొడుగు బురదలో గుచ్చి, నా వంక చూసి, "మీరు" అని మొదలుపెడతారు. ఆ ఒక్క మాట ఇంకోసారి అనిపించుకోవాలని ఉంది.